మీట నొక్కగా వినవచ్చు గొంతు ఎవరిది?

అక్షరము పత్రముపై నిలుచును. ధ్వని గాలిలో కలిసిపోవును. రెండువేల యేండ్ల నాటి గ్రంథము మన చేతికి రావచ్చును గాని, దానిని వ్రాసినవాని కంఠస్వరము దానితోపాటు రాదు. ప్రాచీన భాషలను చదువువారికందరికిని ఇది తీరని లోటు. హెబ్రీ భాషలోని పాత నిబంధనను, గ్రీకు భాషలోని క్రొత్త నిబంధనను మూలములోనే చదువగోరు విద్యార్థికి ఈ లోటు మొదటి దినముననే ఎదురగును. లిపి నేర్చుట కొన్ని వారముల పని. ఆ లిపిని ఎట్లు పలుకవలెనో చెప్పు గురువు మాత్రము ప్రతి ఊర దొరకడు.

నేడు బైబిలు అధ్యయనమునకై తయారైన సాఫ్ట్‌వేరులు ఆ గురువు స్థానమున కూర్చున్నవి. కంప్యూటరుపై గాని సెల్‌ఫోనుపై గాని మూలములోని మాటను తాకినచో దాని అర్థము కనబడును. ప్రక్కన స్పీకరు గుర్తు ఉన్నచో, దానిని నొక్కగానే ఆ మాట వినబడును. ఇది సామాన్యమైన ఉపకారము కాదు. కాని ఆ గొంతు విన్న విద్యార్థి, 'మోషే ఇట్లే పలికెను, పౌలు ఇట్లే పలికెను' అని తలంచుట సహజము. చిక్కు అచ్చటనే యున్నది. ఆ గొంతు ఏ కాలపుది? ఏ దేశపుది? ఏ సంప్రదాయమునకు చెందినది? ఈ ప్రశ్నలను అడుగనేర్చినవానికే ఆ మీట నిజముగా ఉపయోగపడును.

ఒక్క 'ష'కారము

ఉచ్చారణ చిన్న విషయమని ఎవరైన అనుకొనినచో, బైబిలులోని న్యాయాధిపతుల గ్రంథము 12వ అధ్యాయమును చూడవలెను. యెఫ్తా నాయకత్వమున గిలాదువారు ఎఫ్రాయిమీయులను ఓడించి, యొర్దాను నది రేవులను పట్టుకొనిరి. పారిపోవుచు రేవు దాటవచ్చిన ప్రతివానిని 'షిబ్బోలెతు' అను మాట పలుకుమనిరి. ఎఫ్రాయిమీయుల నోట ఆ 'ష'కారము పలుకదు. 'సిబ్బోలెతు' అన్నవానిని అన్నచోటనే వధించిరి. అట్లు కూలినవారు 42,000 మంది అని ఆ గ్రంథము చెప్పుచున్నది.

ఈ కథలో మనము గమనింపవలసిన అంశము మరియొకటి కలదు. నదికి ఈ దరివారును ఆ దరివారును ఒకే జాతివారు, ఒకే భాషవారు. అయినను వారి పలుకు ఒక్కటి కాదు. మాట్లాడువారు సజీవులై యుండిన ఆ కాలమునందే హెబ్రీకి ఒకే ఉచ్చారణ లేకుండినప్పుడు, నేడొక యంత్రము వినిపించు పలుకొక్కటే శుద్ధమనుట ఎట్లు కుదురును?

యంత్రము పనిచేయు తీరు

సాఫ్ట్‌వేరులో మాటను తాకినప్పుడు జరుగునదేమి? పెక్కు సాఫ్ట్‌వేరులలో ప్రతి మూలపదమునకు ఒక సంఖ్య కట్టబడి యుండును. ఈ సంఖ్యలు అమెరికా పండితుడు జేమ్స్ స్ట్రాంగు 1890లో ప్రకటించిన పదసూచిక నుండి వచ్చినవి. హెబ్రీ పదములకు 8674 వరకు, గ్రీకు పదములకు 5624 వరకు ఆయన సంఖ్యలు వేసెను. 'షాలోమ్' అను హెబ్రీ పదము 7965. 'లొగొస్' అను గ్రీకు పదము 3056. మనము తాకిన మాట నుండి యంత్రము ఆ సంఖ్యకు పోయి, ఆ సంఖ్య క్రింద దాచియుంచిన శబ్దమును వినిపించును.

దీనివలన కలుగు మొదటి భ్రమను ఉపాధ్యాయులు ముందుగనే తొలగింపవలెను. అట్టి సాఫ్ట్‌వేరు వినిపించునది వచనములోని రూపము కాదు, నిఘంటువులోని రూపము. మన శబ్దరత్నాకరములో 'వచ్చెను' అను మాటకై వెదకువాడు 'వచ్చు' అనుచోట చూచినట్లే ఇదియును. యోహాను సువార్త 3వ అధ్యాయము 16వ వచనములోని 'ఏగపేసెన్' అను క్రియను తాకినచో 25వ సంఖ్య క్రిందనున్న 'అగపాఓ' వినబడును. ఆదికాండము మొదటి మాటయైన 'బెరేషీత్'ను తాకినచో, ముందున్న 'బె' జారిపోయి 'రేషీత్' మాత్రమే వినబడును. ఇది తెలియని విద్యార్థి కన్ను చూచునది ఒకటి, చెవి వినునది మరియొకటియై కలవరపడును. వచనమంతయు వినగోరువాడు మూలగ్రంథమును వరుసగా చదివి రికార్డు చేసిన పఠనమును వేరుగా తెరువవలెను.

రెండవ చిక్కు స్ట్రాంగు వ్రాసియుంచిన ఉచ్చారణ సూచనలలో నున్నది. పెక్కు సాఫ్ట్‌వేరులలో అవి నేటికిని సంఖ్య ప్రక్కన కనబడుచున్నవి. అవి ఆంగ్లము మాతృభాషగా గలవారికై ఆంగ్ల వర్ణక్రమములో వ్రాసినవి. 'షాలోమ్'లోని రెండవ భాగమునకు ఆయన చివర 'ఇ' అను ఆంగ్లాక్షరమును చేర్చెను. ఆంగ్లమున 'హోమ్' అను మాట చివర నుండు 'ఇ' వలె అది పలుకబడదు. ముందున్న అచ్చు దీర్ఘమని మాత్రమే తెలుపును. మన విద్యార్థి దానిని అక్షరము వెంట అక్షరముగా 'లోమె' అని చదువును. కావున ఆంగ్ల సూచనను చూచి పలుకుటకంటె, శబ్దమును విని తెలుగు లిపిలో వ్రాసికొనుట మేలు.

హెబ్రీ: గుర్తులొకరివి, గొంతొకరిది

హెబ్రీ లిపిలో 22 అక్షరములు కలవు, అన్నియు హల్లులే. కొన్ని హల్లులను దీర్ఘాచ్చులకు సూచనగా వాడుట పూర్వమే యుండెను గాని, అచ్చులన్నియు వ్రాతలో లేవు. ద-బ-ర అను మూడు హల్లులను 'దావార్' అని చదివిన 'మాట' యగును. 'దెవెర్' అని చదివిన 'తెగులు' అగును. 'దిబ్బేర్' అని చదివిన 'పలికెను' అగును. చదువు తీరు గురుశిష్య పరంపరగా నోటనే నడచినది. మన వేదపాఠమునకు పద, క్రమ, జటా, ఘన పాఠములు కాపు కాసినట్లు, అచ్చట వినికిడియే గ్రంథమునకు కాపు కాసెను.

ఆ వినికిడి చెదరిపోవునను భయముతో, సుమారు 7వ శతాబ్దము మొదలు 10వ శతాబ్దము వరకు మసోరెతులను యూద పండితులు హల్లులకు క్రిందను మీదను చుక్కలు, గీతలు చేర్చి అచ్చులను నిర్ణయించిరి. బాబిలోను పద్ధతి, పాలస్తీనా పద్ధతి, గలిలయ సరస్సు తీరమునందలి తిబెరియ పద్ధతి అని ఈ గుర్తులలో మూడు తెగలుండెను. తిబెరియలోని బెన్ ఆషేరు వంశమువారి పద్ధతి తుదకు స్థిరపడినది. ఆ సంప్రదాయమున 1008 ప్రాంతమున వ్రాసిన లెనిన్‌గ్రాదు ప్రతి నేడు సెంట్ పీటర్స్‌బర్గు గ్రంథాలయమున నున్నది. నేటి ముద్రిత పాఠములలోను సాఫ్ట్‌వేరులలోను కనబడు హెబ్రీ పాఠమునకు ముఖ్యమైన ఆధారము అదియే.

కాని విచిత్రమేమనగా, తిబెరియవారి గుర్తులు నిలిచినవి గాని వారి ఉచ్చారణ వాడుకలో నిలువలేదు. వారు ఏడు విధములుగా పలికిన అచ్చులను స్పెయిను నుండి వచ్చిన సెఫార్దీ సంప్రదాయమువారు ఐదు విధములుగా పలికిరి. తూర్పు ఐరోపాలోని అష్కెనాజీలు 'షబ్బాత్'ను 'షబ్బొస్' అనిరి. యెమెను దేశపు యూదులు ఇతరులు విడిచిన పెక్కు హల్లుల భేదములను కాపాడిరి. 1881లో యెరూషలేము చేరిన ఎలియేజెరు బెన్ యెహూదా మొదలగువారి కృషివలన హెబ్రీ మరల వాడుకభాష యైనప్పుడు సెఫార్దీ పలుకును ఆదర్శముగా గైకొనిరి. నేడు సాఫ్ట్‌వేరులలో తరచుగా వినబడునది ఈ ఆధునిక ఇశ్రాయేలు పలుకే. అందు 'ఆలెఫ్', 'అయిన్' అను రెండు హల్లులకు భేదము ఇంచుమించుగా పోయినది. 518వ సంఖ్యగల 'ఇమ్' అనగా 'అయినచో'. 5973వ సంఖ్యగల 'ఇమ్' అనగా 'తోడ'. రెండును నొక్కి వినుడు. రెండును ఒక్కరీతిగ వినబడినచో, ఆ గొంతు ఆధునికమని తెలిసికొనవచ్చును.

పలుకరాని పలుకు ఒకటి హెబ్రీలో కలదు. దేవుని నామమును తెలుపు నాలుగు హల్లులను యూదులు భక్తిచే ఉచ్చరింపక, 'అదోనాయ్' అనగా 'ప్రభువు' అని చదువుదురు. అట్లు చదువుటకు సూచనగా ఆ హల్లులకు వేరొక మాట అచ్చులు గుర్తింపబడినవి. వాటిని కలిపి చదువగా ఏర్పడిన రూపమే మన తెలుగు బైబిలులోని 'యెహోవా'. 3068వ సంఖ్య వద్ద స్ట్రాంగు ఇచ్చినదియు ఈ రూపమే. పూర్వపు ఉచ్చారణ 'యాహ్వె' అని పెక్కుమంది పండితుల ఊహ. ఒక్క మాటకు మూడు పఠనములు. ఒక్కొక్కదాని వెనుక ఒక్కొక్క చరిత్ర. మీట చెప్పునది వాటిలో నొకటి మాత్రమే.

గ్రీకు: విశ్వవిద్యాలయములో వివాదము

గ్రీకు కథ వేరు. ఆ భాష ఎన్నడును మూగవోలేదు. పలుకు మాత్రము శతాబ్దములతోపాటు మారినది. గ్రీకు దేశస్థులు నేటికిని తమ ఆలయములలో క్రొత్త నిబంధనను నేటి పలుకుతోడనే చదువుదురు. ఆ పలుకులో ఒకప్పుడు వేరువేరుగానున్న అచ్చులును సంయుక్తాచ్చులును పెక్కు 'ఇ'కారమున కలిసిపోయినవి. ప్రాచీనుల పలుకు ఇట్లుండదని ఎరాస్మసు పండితుడు 1528లో ఒక సంవాద గ్రంథమును ప్రకటించెను. దాని ననుసరించి ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున చీకు, స్మిత్తు అనువారు క్రొత్త ఉచ్చారణను బోధింపగా, 1542లో ఆ విశ్వవిద్యాలయాధిపతి గార్డినరు దానిని నిషేధించి శిక్షలు విధించెను. ఆ నిషేధము కాలక్రమమున వీగిపోయినది. పశ్చిమ దేశముల విద్యాలయములలో ఎరాస్మసు పలుకే వ్యాపించినది.

మొదటి శతాబ్దపు పలుకును తెలిసికొనుటకు మరియొక దారి కలదు. ఈజిప్టు ఇసుకలో దొరికిన పపైరసు పత్రములలో సామాన్యులు వ్రాసిన ఉత్తరములు, రసీదులు వేలకొలది యున్నవి. చెవికి వినబడినట్లు వ్రాయుటచే వారు చేసిన అక్షరదోషములే నేటి పండితులకు సాక్ష్యములైనవి. బడిపిల్లవాని దోషములను దిద్దునప్పుడు మన ఉపాధ్యాయులు ఈ సంగతి తలపోయదగును. ఆ సాక్ష్యములను బట్టి ర్యాండల్ బూత్ మొదలగువారు నాటి వాడుక గ్రీకు ఉచ్చారణను పునర్నిర్మించిరి.

ఉచ్చారణ మారుటచే అర్థమునకే ముప్పు కలిగిన ఉదాహరణ యొకటి చూడుడు. 'హేమెయిస్' అనగా మేము. 'హుమెయిస్' అనగా మీరు. తరువాతి కాలమున రెండును 'ఇమీస్' అయినవి. చెవికి భేదము పోగా లేఖకులు తడబడిరి. యోహాను మొదటి పత్రిక 1వ అధ్యాయము 4వ వచనమున కొన్ని ప్రతులలో 'మా సంతోషము', కొన్నింటిలో 'మీ సంతోషము' అని యున్నది. 1611 నాటి ఆంగ్లానువాదము 'మీ' అనినది. 1881 నాటి సవరణ 'మా' అనినది. తుదకు గ్రీకు భాషయే ఈ రెండు సర్వనామములకు వేరు రూపములను కల్పించుకొనవలసి వచ్చెను.

సాఫ్ట్‌వేరులోని గ్రీకు గొంతు ఏ తెగదో తెలిసికొనుటకు రెండు మాటలు చాలును. 'మరియు' అను అర్థముగల 2532వ పదమును నొక్కుడు. 'కై' అని వినబడిన అది ఎరాస్మసు పలుకు. 'కె' అని వినబడిన అది పునర్నిర్మితమైన వాడుక పలుకో, నేటి పలుకో కావలెను. పిదప 'ఇల్లు' అను అర్థముగల 3624వ పదమును నొక్కుడు. 'ఒయ్‌కొస్' అనిన ఎరాస్మసుది. స్పష్టముగ 'ఈకొస్' అనిన నేటిది. పెదవులు గుండ్రముగ చుట్టి పలికిన 'ఈ' వినబడినచో అది పునర్నిర్మితమైనది.

తెలుగువారి కొక సౌకర్యము

ఈ విద్యలో తెలుగు విద్యార్థి నిరాశపడవలసిన పని లేదు. మనకు ఎ-ఏ, ఒ-ఓ భేదము కలదు. సంస్కృతమున హ్రస్వమైన ఎ, ఒలు లేవు. ప్రాచీన గ్రీకులోని నాలుగు అచ్చులకు మన నాలుగు అక్షరములు చక్కగా సరిపోవును. క్రీస్తు పూర్వపు ఏథెన్సులో పలికిన 'ఫి', 'థేట', 'ఖి' అక్షరములు మన మహాప్రాణముల వంటివే; పెదవిని పంటి కానించి పలుకు ఆంగ్లపు ధ్వని తరువాత వచ్చినది. నాటి గ్రీకు స్వరము ఊనికతో గాక ఎత్తుపల్లములతో నడచినది. ఉదాత్తానుదాత్తములు విన్నవారికి ఇది వింత కాదు. హెబ్రీ 'మోషే', 'హవ్వ' అను పేర్లు ఆంగ్ల రూపములకంటె మన బైబిలులో మూలమునకు చేరువగ నున్నవి. 'అయిన్', 'హెత్' అను హల్లులకు మాత్రము మన లిపిలో అక్షరము లేదు. అచ్చట చెవియే శరణ్యము.

కావున ఉపాధ్యాయులు మూడు నియమములను పాటింపజేసిన చాలును. మొదట, వినబడు గొంతు ఏ సంప్రదాయమునకు చెందినదో పరీక్షించి పుస్తకము మొదటి పుటలో వ్రాయింపవలెను. రెండవది, ఎన్నుకొన్న పలుకును పరీక్ష ముగియువరకు మార్పింపరాదు. పలుకు నిలిచినచోటనే పదము జ్ఞాపకమున నిలుచును. మూడవది, గుర్తులు లేని హెబ్రీ పాఠమును యంత్రకంఠము చదివినప్పుడు అది అచ్చులను ఊహించి చదువుచున్నదని మరువరాదు.

వీటన్నిటికంటె ముఖ్యమైనది ఒకటి మిగిలినది. మీట వినిపించిన పలుకును పట్టుకొని, వేరొక గురువువద్ద వేరొక రీతిగ నేర్చినవానిని తరగతిలో నవ్వులపాలు చేయరాదు. 'కై' అనువాడును 'కె' అనువాడును ఒకే వాక్యమును చదువుచున్నారు. ఒక్క అక్షరము పలుకలేనివానిని ఏరివేయుటకు యొర్దాను రేవున నిలిచినవారి వలె గాక, వానిని ఆవలి యొడ్డునకు దాటించువారి వలె నుండుటయే ఉపాధ్యాయ ధర్మము.