బతుకమ్మ పూలు మన వాకిట్లోనే: ఏ పువ్వు ఎప్పుడు విత్తాలి?

ఈరోజు టాపిక్ పూలు. నవ్వకండి, ఇది కూడా డెడ్‌లైన్ ఉన్న ప్రాజెక్టే. రిలీజ్ డేట్ పెత్రమాస, అంటే ఎంగిలిపూల బతుకమ్మ. ఆ రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రావాలి.

ఎందుకంటే ఆ డేట్ ఏటా మారుతది. 2025లో సెప్టెంబర్ 21న వచ్చింది. 2026లో అధిక మాసం ఉంది కాబట్టి అక్టోబర్ 10. "పోయినేడు జూలైలో వేసినం, ఈసారి కూడా అప్పుడే" అంటే, పండుగ రాకముందే బంతి పూసి వాడిపోతది.

బంతికి విత్తనం నుంచి పువ్వు దాకా సుమారు 70 రోజులు పడ్తది. అక్టోబర్ 10 నుంచి వెనక్కి వెళ్తే ఆగస్టు 1. నారు 25 నుంచి 30 రోజులకు నాటాలి. మొక్కకు ఐదారు జతల ఆకులు వచ్చాక తల తుంచేయండి. మనసొప్పదు, నాకు తెలుసు. కానీ తుంచితేనే పక్క కొమ్మలు వచ్చి పూలు ఎక్కువైతయి. కాకపోతే పూత వారం, పది రోజులు లేటైతది, కాబట్టి విత్తడం కూడా అంత ముందుకు జరపండి. నర్సరీ నారు కొంటారా, ఆగస్టు చివర్లో నాటినా అందుకుంటది.

ఇప్పుడు అసలు పువ్వు, గునుగు. మాది పాలకీడు, సాగర్ ఎడమ కాలువ కింద వరి ఊరు. గునుగుకేమో నీళ్లు నిలవని చెల్క కావాలి, పత్తి, జొన్న చేలల్లో దానంతటదే మొలుస్తది. చేనుకు అది కలుపు, పండుగకు అది బతుకమ్మ. కలుపు మందు కొట్టినకాడ గునుగు మిగలదు. అందుకే ఇప్పుడు ఊళ్లలో కూడా గునుగు కొనుక్కునే పరిస్థితి వస్తున్నది. రైతును తప్పుపట్టలేం, కలుపు తీసే కూలీ ఖర్చు ఆయనకే తెలుసు. కానీ వాకిట్లో రెండు గజాల జాగా ఉంటే మనం పెంచుకోవచ్చు కదా!

విత్తనం చాలా సన్నం. గుప్పెడు ఇసుకలో కలిపి చల్లి, పైన పల్చగా మట్టి కప్పండి. మంచి ఎండ తగలాలి. యూరియా వేయొద్దు, ఆకు పెరుగుతది తప్ప పువ్వు పెరగదు. ఇది కూడా ఆగస్టు మొదట్లోనే. నల్లరేగడి అయితే మట్టి గుట్టలా ఎత్తు చేసి వేయండి, లేదంటే వానలకు వేర్లు కుళ్లుతయి. బంతికీ అంతే.

సీతజడ గునుగుకు చుట్టమే, రెండూ సెలోసియా జాతి. తెల్ల గునుగుకు రంగులు అద్ది పేరుస్తం కదా, సీతజడకు ఆ పని లేదు, పుట్టుకతోనే ఎరుపు. చెరువులోకి ఆ రంగు నీళ్లు కూడా పోవు.

చామంతి సంగతి వేరు. రాత్రి పొడవు పెరిగితేనే అది మొగ్గ వేస్తది. రాత్రంతా వీధి దీపం పడే చోట కుండీ పెడితే చామంతికి అది ఇంకా పగలే, ఆకులేసుకుంటూ కూర్చుంటది. కుండీని చీకటి మూలకు జరపండి. పెత్రమాసకు అందకపోయినా దీపావళికి పనికొస్తది.

తంగేడు మన రాష్ట్ర పుష్పం, కానీ అది పొద. గింజ గట్టిది, వేడి నీళ్లలో రాత్రంతా నానబెట్టి వేయండి. ఈ ఏడు వేసి ఈ ఏడే పూలు అడగకండి. అప్పటిదాకా బయట నుంచి తెచ్చుకునేటప్పుడు కత్తెరతో రెమ్మ కోయండి, పొద పీకొద్దు.

పండుగ అయ్యాక రెండు మూడు గునుగు కంకులను మాత్రం చెట్టుకే ఎండనివ్వండి. పేపర్ మీద నలిపితే నల్లగా మెరిసే గింజలు రాల్తయి. కవర్ మీద పేరు, తారీఖు రాసి దాచండి. వంటింట్లో మాత్రం పెట్టకండి, ఆవాలనుకొని అమ్మ పోపులో వేసేస్తది.