జట్టు మీదే.. డబ్బుల మాటే వద్దు!

పదకొండు మంది ఆటగాళ్ళను మీరే ఎంచుకుంటారు. కెప్టెన్ ఎవరో మీరే చెబుతారు. మైదానంలో వాళ్ళు పరుగులు తీస్తుంటే ఇంట్లో మీ ఖాతాలో పాయింట్లు పడుతుంటాయి. ఫ్యాంటసీ లీగ్ అంటే అదే. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఏం తెలుసుకోవాలి? ఎక్కడ ఆగాలి?

ఉప్పల్‌లో మ్యాచ్ ఉందంటే ఆ సందడే వేరు. స్టేడియం మెట్రో స్టేషన్ నుంచి నారింజ రంగు జెర్సీలు వరదలా దిగుతుంటాయి. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర వాహనాలు నత్తనడక నడుస్తుంటాయి. టికెట్ దొరకనివాళ్ళు హబ్సిగూడలోనో నాచారంలోనో టీవీల ముందు చేరిపోతారు. ఆ రాత్రి చాలా ఇళ్ళల్లో వినిపించే మాటలు ఇంచుమించు ఇలా ఉంటాయి.

''మ్యాచ్ అయిపోయిందిగా.. ఇంకా ఫోన్‌లో ఏం లెక్కలేస్తున్నావురా?''

''మనవాళ్ళు ఓడిపోయారు కానీ నా జట్టు గెలిచింది నాన్నా!''

''నీ జట్టేంటి? అందులో డబ్బులేమైనా పెట్టావా?''

ఆ చివరి ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. సరదాగా మొదలైన ఆట అప్పులదాకా తీసుకెళ్ళిన కథలు విని విని వచ్చింది. కానీ డబ్బును పక్కన పెడితే ఇది లెక్కలూ ఓర్పూ నేర్పే చక్కటి ఆట. ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడుందో తెలుసుకోవాలంతే.

పుట్టింది బేస్‌బాల్‌తో..

ఈ ఊహాజట్ల సరదాకి పుట్టిల్లు అమెరికా. అక్కడ మనకి క్రికెట్ ఎలాగో వాళ్ళకి బేస్‌బాల్ అలాగ. 1961లో హాల్ రిచ్‌మన్ అనే యువకుడు 'స్ట్రాట్-ఓ-మ్యాటిక్' అనే ఆటను అమ్మకానికి తెచ్చాడు. ఒక్కో ఆటగాడికీ ఒక్కో కార్డు. కిందటి సీజన్లో అతను ఎలా ఆడాడన్న లెక్కలే ఆ కార్డు మీద ఫలితాలుగా మారతాయి. పాచికలు వేసి చూసుకోవడమే. దీన్ని సిమ్యులేషన్ అంటారు. ఆ తర్వాత పాచికల పనిని కంప్యూటర్ అందుకుంది.

1980లో డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత న్యూయార్క్‌లో స్నేహితులతో కలిసి ఇంకో దారి తొక్కాడు. పాత లెక్కలతో కాకుండా, అప్పుడు జరుగుతున్న సీజన్లో ఆటగాళ్ళు ఎలా ఆడితే అలా పాయింట్లు వేసుకునే పద్ధతి అది. వాళ్ళు కలుసుకునే రెస్టారెంటు పేరుమీద దానికి 'రోటిసరీ లీగ్' అన్న పేరు వచ్చింది. నేటి ఫ్యాంటసీ లీగ్‌లకు అదే తాత.

మనకి ఇదంతా కొత్త అనుకుంటే పొరపాటే. క్లాసులో మాస్టారి కన్నుగప్పి పుస్తకం తెరిచి, పేజీ నంబరులోని చివరి అంకెను పరుగులుగా రాసుకున్న బుక్ క్రికెట్ గుర్తుందా? సున్నా వస్తే ఔట్! అదీ ఒక సిమ్యులేషనే. కాకపోతే అందులో సచిన్‌కీ పదకొండో నంబరు ఆటగాడికీ తేడా లేదు. బేస్‌బాల్ కార్డులు ఆ తేడాని పట్టుకున్నాయి, అంతే.

ఉప్పల్ నేర్పే పాఠాలు

మొదటిసారి జట్టు కట్టేవాళ్ళకి ఉప్పల్ స్టేడియంకన్నా మంచి బడి లేదు.

జట్టు గెలుపు వేరు, మీ గెలుపు వేరు: 2009 నవంబరు 5న ఇక్కడ ఆస్ట్రేలియా 350 పరుగులు చేసింది. సచిన్ 141 బంతుల్లో 175 కొట్టాడు. అయినా భారత్ 3 పరుగుల తేడాతో ఓడిపోయింది. అభిమానులకు అది తీరని బాధ. ఫ్యాంటసీ లెక్కలో మాత్రం సచిన్‌ని కెప్టెన్‌గా పెట్టుకున్నవాడిదే పంట! కాబట్టి 'ఎవరు గెలుస్తారు' అని కాదు, 'ఎవరు ఎక్కువ ఆడతారు' అని ఆలోచించాలి. ముందు వరుసలో దిగే బ్యాటర్లు, నాలుగు ఓవర్లూ వేసే బౌలర్లు, రెండూ చేసే ఆల్‌రౌండర్లు.. వీళ్ళకే అవకాశాలు ఎక్కువ.

పేరు చూసి మోసపోవద్దు: 2023 జనవరి 18న న్యూజిలాండ్ మీద శుభ్‌మన్ గిల్ 208 కొట్టాడు. ఆ మ్యాచ్ అనగానే అందరికీ అదే గుర్తు. కానీ అదే రోజు ఏడో స్థానంలో వచ్చిన మైకేల్ బ్రేస్‌వెల్ 78 బంతుల్లో 140 బాదాడు. మన హైదరాబాదీ సిరాజ్ 4 వికెట్లు తీశాడు. పెద్దపేర్ల మీదే బడ్జెట్ అంతా పోస్తే ఇలాంటివాళ్ళకి చోటుండదు. ఇద్దరు ముగ్గురు ఖరీదైనవాళ్ళు, మిగతా అంతా తక్కువ ధరలో నమ్మకస్తులు.. అదీ తూకం.

ఒక్క మ్యాచ్‌తో తీర్పు చెప్పొద్దు: 2024 మార్చి 27న ముంబయి మీద సన్‌రైజర్స్ 277 కొట్టింది. ముంబయి 246 చేసింది. రెండూ కలిపి 523 పరుగులు! 'ఉప్పల్‌లో బౌలర్లను తీసుకోవడం దండగ' అని చాలామంది అనుకుని ఉంటారు. సరిగ్గా తొమ్మిది రోజులకి, ఏప్రిల్ 5న, అదే మైదానంలో చెన్నై 165 దగ్గరే ఆగిపోయింది. ఒకే స్టేడియంలోనూ పిచ్‌లు మారతాయి. బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు సీజన్లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది కాబట్టి అదృష్టం, దురదృష్టం చాలావరకూ సర్దుకుంటాయి. ఐపీఎల్ లీగ్ దశలో ఒక్కో జట్టుకి 14 మ్యాచ్‌లే. ఇక్కడ లెక్కలు ఎంత బాగా వేసినా తారుమారయ్యే రోజులుంటాయి. అందుకే నిన్నటి హీరోని కళ్ళకద్దుకోవడం, నిన్న సున్నాకి ఔటైనవాణ్ని తీసిపారేయడం.. రెండూ తప్పే.

అభిమానం గడప బయటే: సొంత ఊరి జట్టు మీద ప్రేమ ఉండొచ్చు. కానీ జట్టు కట్టేటప్పుడు దాన్ని కాసేపు పక్కన పెట్టాలి. టాస్ తర్వాత తుదిజట్టు చూడకుండా పేర్లు ఖాయం చేయకూడదు. బెంచీ మీద కూర్చున్న ఆటగాడు ఎంత గొప్పవాడైనా మీకు తెచ్చేది సున్నాయే. 2023 నుంచి ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన కూడా వచ్చింది. సగం మ్యాచ్‌కే మైదానంలో ఉండేవాళ్ళెవరో గమనించాలి.

ఇంట్లోనే ఒక లీగ్

ఇవన్నీ సాధన చేయడానికి యాప్‌లే కావాలని లేదు. ఆరుగురో ఎనిమిది మందో ఉంటే చాలు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, బాబాయి, పక్కింటి పిల్లలు.. ఒక నోటు పుస్తకం.

ముందు నిబంధనలు కాగితం మీద పెట్టుకోవాలి. పరుగుకి ఎన్ని పాయింట్లు, వికెట్‌కి ఎన్ని, క్యాచ్‌కి ఎన్ని? మ్యాచ్ వర్షంతో ఆగిపోతే ఎలా? మధ్యలో ఆటగాళ్ళను మార్చుకోవచ్చా? గొడవలన్నీ రాసుకోని నిబంధనల దగ్గరే మొదలవుతాయి. అందరూ ఒప్పుకునే ఒకరిని పెద్దగా పెట్టుకుంటే మంచిది. గల్లీ క్రికెట్లో అంపైర్ లాగా ఆయన మాటే చివరి మాట.

ఎంపికకు రెండు పద్ధతులు. ఒకటి వేలం.. అందరికీ సమానంగా వంద ఉత్తుత్తి పాయింట్లు ఇస్తారు, పాడుకోవాలి. రెండోది వరుస ఎంపిక.. మొదటి రౌండులో ఒకటి నుంచి ఎనిమిది దాకా, రెండో రౌండులో ఎనిమిది నుంచి వెనక్కి. చివర్లో ఉన్నవాడికి అన్యాయం జరగకుండా ఈ ఏర్పాటు. ఏ పద్ధతిలోనైనా అరుదైనవాళ్ళని ముందు పట్టుకోవాలి. బాగా బ్యాటింగ్ చేసే వికెట్‌కీపర్లు, నిఖార్సైన ఆల్‌రౌండర్లు కొద్దిమందే ఉంటారు. ఓపెనర్లు చివరిదాకా దొరుకుతారు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. ఓడిపోతున్నామని సీజన్ మధ్యలో జట్టును గాలికొదిలేయకూడదు. ఒకరు ఆడటం మానేస్తే మిగతా అందరి ఆటా చెడిపోతుంది. మొదటి ఏడాది చివరి స్థానంలో వచ్చినా పర్లేదు, చివరిదాకా ఉన్నవాళ్ళనే మర్నాడు మళ్ళీ పిలుస్తారు.

మరి గెలిచినవాళ్ళకేంటి? ఒక చిన్న కప్పు, దాని మీద ఏటా ఒక పేరు. చివర నిలిచినవాళ్ళు ఒక ఆదివారం అంట్లు తోమాలి. అమ్మకి కూడా ఆ లీగ్ నచ్చేస్తుంది!

గీత ఇక్కడుంది

డబ్బు పెట్టి ఆడే ఆట నైపుణ్యమా, జూదమా అన్న వాదన ఇప్పటిది కాదు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద నడిచిన కేసులో రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటేనని సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. ఆన్‌లైన్ రమ్మీ, ఫ్యాంటసీ కంపెనీలు చాలాకాలం ఆ మాటనే ఆసరా చేసుకున్నాయి.

తెలంగాణ ప్రభుత్వం 2017లో తన చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే బాట పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ వర్తించేలా చట్టం చేసింది. దాని ప్రకారం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా లేదు.. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆట ఏదైనా నిషిద్ధమే. నడిపేవాళ్ళకి మూడేళ్ళ వరకూ జైలు, కోటి రూపాయల వరకూ జరిమానా. ఆడినవాళ్ళను ఈ చట్టం నేరస్థులుగా చూడదు. 2008లో మొదలైన డ్రీమ్11 లాంటి సంస్థలు కూడా డబ్బు పోటీలు ఆపేశాయి. ఉచితంగా ఆడే ఆటలకు ఈ నిషేధం లేదు.

కాబట్టి కొత్తవాళ్ళకి గుర్తు సులువే. చేరడానికి డబ్బు కట్టమన్నా, 'గెలిస్తే ఇంత' అని ఆశ చూపినా అది ఆట కాదు. చాటింగ్‌లో లింకు పంపి యాప్ దించుకోమంటే అసలు ముట్టుకోవద్దు. ఇప్పటికే మోసపోయి ఉంటే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. ఇంట్లో ఎవరైనా ఈ వ్యసనం నుంచి బయటపడలేక నలిగిపోతుంటే తిట్టడంకన్నా సాయం అడగడం మేలు. టెలిమానస్ 14416 నంబరులో మానసిక నిపుణులతో ఉచితంగా మాట్లాడొచ్చు.

ఇక ఈసారి ఉప్పల్‌లో మ్యాచ్ జరిగే రోజున ''డబ్బులేమైనా పెట్టావా?'' అని నాన్న అడిగితే నోటు పుస్తకం ఆయన చేతికే ఇవ్వండి. ''లేదు నాన్నా.. మా లీగ్‌లో ఒక జట్టు ఖాళీగా ఉంది, నువ్వు ఆడతావా?'' అనండి. ఆయన మొదట ఎవరి పేరు రాస్తారో చూడండి!