పచ్చ దీపం మినుకుమనే అర నిమిషం

ఫైబర్ కనెక్షన్ పెట్టడానికి వచ్చిన కుర్రాడు గోడకు పెట్టె బిగించి, తీగ కొసకు పవర్ మీటర్ తగిలించి, పెదవి విరిచాడు. "మైనస్ ఇరవై తొమ్మిది వస్తోంది సార్, పాన్ లైట్ నిలబడదు." సంచిలోంచి పెన్నులాంటి ఎర్ర లేజర్ తీసి తీగలోకి వెలుగు పంపాడు. కిటికీ మూల దగ్గర, అందంగా ఉంటుందని నేనే ముందురోజు తీగను లంబకోణంలో మడిచి క్లిప్పు కొట్టిన చోట, తొడుగులోంచి ఎర్రగా నిప్పుకణం మెరిసింది. క్లిప్పు ఊడదీసి తీగను వదులుగా వంచాడు. మైనస్ ఇరవై రెండు. పచ్చమూతి కనెక్టరు పెట్టెలోకి నొక్కాడు. పాన్ అని రాసిన దీపం అర నిమిషంపాటు మినుకుమినుకుమని, తర్వాత నిలకడగా వెలిగింది.

అతను వెళ్లిపోయాడు. నాకు మాత్రం ఆ అర నిమిషం మీద మనసు పడింది.

నేను పదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతాను. ఆ వారమే సంపూర్ణాంతర పరావర్తనం పాఠం వచ్చింది. గాజుపోగు వంపు తిరిగినా వెలుగు గోడలకు తగిలి లోపలికే మళ్లుతుందని, మరీ మడిచేస్తే కోణం తప్పి బయటికి కారుతుందని, మా కిటికీ మూలనే ఉదాహరణగా చెప్పాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "మాస్టారూ, మా వీధిలో అందరికీ స్తంభం మీదున్న ఒకే డబ్బాలోంచి వస్తోంది. అందరూ ఒకేసారి వీడియోలు పంపితే ఒకరి వెలుగు ఇంకొకరిదానికి గుద్దుకోదా?"

గుద్దుకుంటుంది. గుద్దుకోకుండా చేసిన ఏర్పాటే ఆ అర నిమిషం.

ముందు స్తంభం మీది డబ్బా సంగతి. దానికి కరెంటు లేదు, అందుకే ఈ ఏర్పాటును పాసివ్ ఆప్టికల్ నెట్‌వర్క్, పొట్టిగా పాన్ అంటారు. లోపల స్ప్లిటర్ అనే చిన్న గాజు పలక ఉంటుంది. దాని మీద వెలుగు నడిచే దారి రెండుగా చీలుతుంది, ఆ రెండూ నాలుగవుతాయి. ఇలా ఐదుసార్లు చీలితే 32 ఇళ్లు. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు, చీలిన ప్రతిచోటా వెలుగు సగమైపోతుంది. ఎక్స్ఛేంజిలో ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. అక్కడ లేజర్ సుమారు 2 మిల్లీవాట్లతో బయలుదేరిందనుకుందాం. అందులో వెయ్యో వంతు, అంటే 2 మైక్రోవాట్లు చేరినా మనింటి పెట్టె చదువుకోగలదు. కుర్రాడి మీటరు డెసిబెల్ లెక్కలో అదే మైనస్ ఇరవై ఏడు. నేను మడిచిన మూల ఆ అంచును కూడా దాటించి వెలుగును ఐదోవంతుకు దించేసింది.

దిగేటప్పుడు సగమవడం అర్థమవుతుంది. విచిత్రమేమిటంటే, ఇంటి నుంచి పైకెళ్లే వెలుగు కూడా ప్రతి కూడలిలో సగం పోగొట్టుకుంటుంది! రెండు పాయలు కలిసే చోట ఒక పాయలోంచే నీళ్లు వస్తుంటే సగం ఎక్కడికి పోతాయి? ఇది నాకు చాలాకాలం మింగుడుపడలేదు. ఈ పోగు నడుమ ఉండే వెలుగుదారి వ్యాసం దాదాపు 9 మైక్రాన్లు. అంత ఇరుకులో వెలుగు తరంగం ఒక్క ఆకారంలోనే ప్రయాణించగలదు. ఒక పక్కనుంచి కూడలికి వచ్చిన తరంగాన్ని రెండు ఆకారాల మొత్తంగా చూడొచ్చు: ఒకటి సౌష్ఠవంగా ఉండేది, రెండోది ఒక పక్క ఎగసి రెండో పక్క కుంగేది. మొదటిది ఇరుకుదారిలో పడుతుంది. రెండోది పట్టక గాజులోకి చెదిరిపోతుంది. సరిగ్గా సగం. ఈ లెక్క పూర్తిగా తెలిసిన రోజు నేను అన్నం కూడా ఆలస్యంగా తిన్నాను.

ఇక పిల్ల అడిగిన ప్రశ్న. దిగే వెలుగు 1490 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం, ఎక్కేది 1310. రెండూ కంటికి కనబడవు, ఒకే పోగులో ఎదురెదురుగా వెళ్లినా ఒకదానికొకటి అడ్డురావు. దిగుదలలో చిక్కేమీ లేదు: వీధిలో అందరి సమాచారం అందరి ఇళ్లకూ వస్తుంది, ఎవరి పెట్టె వాళ్లది ఏరుకుని మిగతాది పారేస్తుంది. పక్కింటివాళ్లది చదవకుండా గుప్తలిపి తాళం వేయవచ్చు. చిక్కంతా ఎక్కుదలలోనే. 32 పెట్టెలకు ఒకటే రంగు, ఒకటే దారి. అందుకని ఓఎల్‌టీ వంతులు పంచుతుంది: ఫలానా క్షణం నుంచి ఫలానా క్షణం దాకా నువ్వు మాట్లాడు, తర్వాత నువ్వు.

వంతులు పంచితే సరిపోతుందా? గాజులో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే కిలోమీటరుకు 5 మైక్రోసెకన్లు. ఎక్స్ఛేంజికి అర కిలోమీటరులో ఉన్న ఇంటికి పోయిరావడానికి 5, నాలుగు కిలోమీటర్లలో ఉన్న ఇంటికి 40. తేడా 35 మైక్రోసెకన్లు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఇంటి పెట్టె సెకనుకు 124 కోట్ల బిట్లకు పైగా పంపుతుంది. ఆ తేడాలో నలభై మూడు వేల బిట్లు పడతాయి. పోగులో ఒక్కో బిట్టు పొడవు 16 సెంటీమీటర్లు, జానెడు కూడా లేదు. కిలోమీటర్ల దూరాన ఉన్న ఇళ్లను జానెడు తేడా రాకుండా వరసలో నిలబెట్టాలి.

అందుకే కొత్త పెట్టె వచ్చిరాగానే నోరు విప్పదు, వింటుంది. దీపం మినుకుమనేది ఆ సమయంలోనే. ఓఎల్‌టీ అప్పుడప్పుడు వీధి మొత్తాన్నీ ఒక్క క్షణం ఊరుకోబెట్టి, కొత్తవాళ్లెవరైనా ఉన్నారా అని అడుగుతుంది. కొత్త పెట్టె తన సీరియల్ నంబరు చెబుతుంది. మరి ఇద్దరు కొత్తవాళ్లుంటే? కరెంటు పోయి వచ్చినప్పుడు వీధిలో పెట్టెలన్నీ కొత్తవాళ్లే కదా! అందుకని ప్రతి పెట్టే తనకు తోచిన అంకె ఒకటి ఎంచుకుని, 48 మైక్రోసెకన్లకు మించకుండా అంతసేపు ఆగి జవాబిస్తుంది. అయినా గుద్దుకుంటే మళ్లీ అడుగుతారు, మళ్లీ వేరే అంకె.

పేరు తెలిశాక కొలత. ఓఎల్‌టీ పిలుస్తుంది, పెట్టె పలుకుతుంది, మధ్య గడిచిన కాలమే దూరం. టేపు లేకుండా, మనిషి వెళ్లకుండా మా ఇంటి దాకా ఉన్న తీగ పొడవు అక్కడ తేలిపోతుంది. ఆ తర్వాత వచ్చే ఆజ్ఞే నాకు అన్నిటికన్నా ఇష్టం: దగ్గరగా ఉన్నవాడివి, ఎక్కువసేపు ఆగి మాట్లాడు. దూరంగా ఉన్నవాడికి తక్కువ ఆగమని. పెళ్లికి ముహూర్తం వేళకు చేరాలంటే ఊళ్లోవాడు తీరిగ్గా బయలుదేరినట్టు. ఈ దొంగ ఆలస్యాలతో అన్ని ఇళ్లూ ఓఎల్‌టీకి ఒకే దూరాన ఉన్నట్టు కనిపిస్తాయి. ఒకసారి కొలిచి వదిలేయరు. మే నెల ఎండకు స్తంభాల మీది తీగ కాగితే వెలుగు ప్రయాణకాలం నానోసెకన్లలో మారుతుంది, ఓఎల్‌టీ ఆ జరుగుబాటును కనిపెట్టి సర్దుతూనే ఉంటుంది.

ఈ ఏర్పాటుకు ఒక శత్రువుంది. ఏ ఇంట్లోనైనా పెట్టె పాడై దాని లేజర్ ఆరకుండా వెలుగుతూ ఉండిపోతే, ఆ స్ప్లిటర్ కింద ఉన్న వీధంతా మూగబోతుంది. పంచాయితీలో ఒక్కడే ఆపకుండా మాట్లాడినట్టు.

2000ల మొదట్లో ఈ ఏర్పాటు ఎలా ఉండాలన్న దాని మీద రెండు వర్గాలు పోటీపడ్డాయి. కంప్యూటర్ నెట్‌వర్కుల వాళ్లు ఈపాన్ తెచ్చారు. ఆఫీసుల్లో నడిచే ఈథర్నెట్‌నే ఉన్నదున్నట్టు గాజులోకి ఎక్కిద్దాం, చవకగా అయిపోతుంది అన్నారు. దాని ఖరీదు వేరే రకంగా పడింది: ఎనిమిది బిట్లు పంపడానికి పది బిట్ల వెలుగు ఖర్చు. టెలిఫోన్ వాళ్లది జీపాన్. కాలాన్ని 125 మైక్రోసెకన్ల ముక్కలుగా కోసి, ప్రతి ముక్కలో ఎవరికెంతో లెక్కగట్టి ఇస్తారు. ఆ అంకె ఎక్కడిదో తెలుసా? ఫోనులో గొంతును సెకనుకు 8000 సార్లు కొలిచేవారు. సెకనును 8000తో భాగిస్తే 125 మైక్రోసెకన్లు. ఇప్పుడు మనం చూసే సినిమా కూడా పాత ల్యాండ్‌లైన్ వేసిన తాళానికే అడుగులేస్తోంది. జపాన్, కొరియాలు ఈపాన్ వైపు వెళ్లాయి. మన దేశంలో పల్లెలకు వేసిన భారత్‌నెట్ జీపాన్ పట్టుకుంది. నా మొగ్గు టెలిఫోన్ వాళ్ల వైపే, ఆ పీనాసి లెక్కలోనే అందముంది.

మిగతా చరిత్ర గబగబా చెప్పేస్తాను. ఇంత శుద్ధమైన గాజు సాధ్యమేనని 1966లో చార్లెస్ కావ్ లెక్కగట్టాడు, 1970లో అమెరికాలో కార్నింగ్ వాళ్లు తీసి చూపించారు, కావ్‌కు 2009లో నోబెల్ వచ్చింది. కరెంటు లేని స్ప్లిటర్‌తో ఇళ్లకు పంచే ఆలోచన 1980ల చివర్లో బ్రిటిష్ టెలికాం పరిశోధనశాలలో రూపు కట్టింది. మన దగ్గర ఆంధ్ర ఫైబర్‌నెట్ తీగ కరెంటు స్తంభాలెక్కింది, తెలంగాణ టీ-ఫైబర్ మిషన్ భగీరథ మంచినీళ్ల గొట్టాల కందకాల్లో పడుకుంది. ఇప్పుడు సెకనుకు 10 గిగాబిట్ల రకం వచ్చింది. అది వేరే రంగుల్లో నడుస్తుంది కాబట్టి పాతదానితో పాటు అదే పోగులో ఒదుగుతుంది.

ఇంతకీ మా ఇంట్లో వేగం? నేను కట్టింది 300 మెగాబిట్లకు. కంప్యూటర్లో పరీక్షిస్తే 94. మర్నాడు 94. అర్ధరాత్రి లేచి చూసినా 94. జనం రద్దీ వల్లయితే అంకె ఊగాలి కదా. కదలని అంకె ఎప్పుడూ ఏదో గోడకు తగిలిందనే అర్థం. 100 మెగాబిట్ల ఈథర్నెట్‌లో చిరునామాల బరువు తీసేస్తే మిగిలేది దాదాపు 94. పెట్టె నుంచి కంప్యూటరుకు వేసిన రెండు మీటర్ల కేబుల్ నేను క్రింప్ చేసిందే. గిగాబిట్‌కు అందులోని ఎనిమిది తీగలూ కావాలి, 100కి నాలుగు చాలు. కనెక్టరు కోసి చూస్తే నీలం తీగ అంచు దాకా చేరనే లేదు. మళ్లీ నొక్కాను. 300 దాటింది. ఎక్స్ఛేంజి నుంచి జానెడు తప్పకుండా వచ్చిన వెలుగును నా చేతి పని ఆఖరి రెండు మీటర్లలో ఆపేసింది.

తరగతిలో ఇదంతా చెప్పాక ఆ అమ్మాయే మళ్లీ లేచింది. "మాట్లాడుతుండగా కరెంటు పోతే మాస్టారూ, వాళ్లకెలా తెలుస్తుంది?" పెట్టెలో చిన్న కెపాసిటర్లలో కాసింత విద్యుత్తు మిగిలి ఉంటుంది. అది అయిపోయేలోగా పెట్టె తన వంతులో ఒకే ఒక్క మాట పంపి ఆరిపోతుంది: కరెంటు పోయింది, తీగ తెగలేదు. ఇంజినీర్లు దానికి పెట్టుకున్న పేరు కొనఊపిరి. ఆ మాట అందితే ఎక్స్ఛేంజి వాళ్లు మనిషిని నిచ్చెనతో స్తంభం మీదికి పంపరు.