బొమ్మ బండికి నడక నేర్పడం

రేడియో కంట్రోల్ ట్రక్కు అనగానే "పిల్లలాట" అని నవ్వేవాళ్లుంటారు. మేమూ అలాగే అనుకున్నాం. నలుగురం ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో, అసలు బండిలో పదో వంతు సైజుది ఒకటి కొన్నాం. హాస్టల్ వెనక మట్టిదిబ్బ మీంచి దూకిస్తే బంతిలా రెండుసార్లు ఎగిరి వెల్లకిలా పడింది. స్ప్రింగులు మెత్తగా ఉన్నాయనుకొని గట్టివి వేశాం. ఈసారి మూడుసార్లు ఎగిరి, ముందు చక్రాన్ని పట్టే ఆర్మ్ విరగ్గొట్టుకుంది!

తప్పెక్కడ? స్ప్రింగు బరువు మోస్తుంది; దెబ్బ తగిలితే అణిగి, ఆ శక్తిని దాచుకొని మళ్లీ తిరిగిచ్చేస్తుంది. ఆ ఎగురుడును అణిచేది షాక్ అబ్జార్బరులోని సిలికాన్ నూనె. పిస్టన్‌కున్న సన్నటి రంధ్రాల్లోంచి నూనె దూరేటప్పుడు శక్తి వేడిగా మారిపోతుంది. 1984లో అమెరికాలో వచ్చిన ఆర్.సి.10 బగ్గీకీ నాలుగు చక్రాల దగ్గరా ఇలాంటి నూనె షాకులే. మావి విప్పి చూద్దుము గదా, రెండింటిలో సీలు కారి నూనె సగమే ఉంది. రోగం ఒకటైతే మందొకటి వేశామన్నమాట.

కాబట్టి వరస ఇది. ముందు షాకుల్లో నూనె నింపి, పిస్టన్ మెల్లగా ఆడించి గాలిబుడగలు పోగొట్టాలి. తర్వాత బ్యాటరీ పెట్టి, బండిని జానెడెత్తు నుంచి వదిలి, అది ఎంత ఎత్తున నిలుస్తుందో చూడాలి. ఆర్మ్‌లు ఇంచుమించు నేలకు సమాంతరంగా ఉంటే మంచి ఆరంభమే. లేకపోతే స్ప్రింగు పైనున్న కాలరు తిప్పాలి. దీంతో ఎత్తు మారుతుందే గాని స్ప్రింగు గట్టిదనం మారదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

ఇక మోకాలెత్తు నుంచి వదలండి. అడుగుభాగం నేలను కాస్త తాకి, మళ్లీ ఎగరకుండా నిలిస్తే సరి. ఎగిరితే చిక్కటి నూనె కావాలి. సీసా మీది అంకె 30 నుంచి 40కి పెరిగితే చిక్కదనం పెరిగినట్టే. గతుకుల మీద చక్రాలు నేలను అంటకుండా గెంతుతుంటే నూనె మరీ చిక్కనై ఉండొచ్చు. ఎండకు నూనె పలచబడుతుంది, అదీ మరవకండి. ముందు స్ప్రింగులు మరీ గట్టివైతే బండి మలుపు తిరగనని మొరాయిస్తుంది. వెనకవి గట్టివైతే తోక జారుతుంది.

ఒకసారికి ఒక్కటే మార్చండి, నోటుబుక్కులో రాయండి. ల్యాబులో తెలిసిన జవాబుకు సరిపోయేలా రీడింగులు రాసుకోవడం మనందరికీ అలవాటే. మట్టిదిబ్బ దగ్గర ఆ పప్పులు ఉడకవు. మా బండి నాలుగు చక్రాల మీద దిగిన సాయంత్రం మాకు తెలిసొచ్చింది అదే.