తేలు కుట్టిన వార్త: వెన్నుపాము నుండి మధ్యమెదడునకు

మడకశిర దాపునగల గుడిబండ ప్రాంతమున చేనిలో రాళ్లు ఏరువారికిని, వేరుసెనగ కట్టె మోయువారికిని ఎర్రతేలు క్రొత్త కాదు. రాయి ఎత్తినంతనే చురుక్కుమనును. మరుక్షణమున మంట మొదలగును. ఒక్క కాటునకు ఈ రెండు నొప్పులేల?

కాలివ్రేలినుండి నొప్పివార్తను తెచ్చు నాడీతంతువులు రెండు విధములు. సన్నని తొడుగుగల తంతువులలో వార్త సెకనుకు 5 మొదలు 30 మీటర్ల వరకు పరుగిడును. తొడుగు లేనివానిలో రెండు మీటర్లకు మించదు. వ్రేలినుండి వెన్నుపామునకు పెద్దవారిలో ఇంచుమించు మీటరు దూరము. కావున మంట వెనుకబడి వచ్చును. కాలు లాగుకొనుటకు మెదడుతో పనియే లేదు; వెన్నుపామే ఆ పని చేయించును.

వెన్నుపాము వెనుకభాగమున వార్త మరియొక కణమునకు అందును. ఆ కణముల తంతువులలో ఎక్కువభాగము అవతలి ప్రక్కకు దాటి పైకేగును. ‘కుట్టినది ఏ వ్రేలు’ అని మనకు తెలియుటకు వార్త పెద్దమెదడు వరకు పోవలెను. కాని ఒక పాయ నడుమనే, మధ్యమెదడునందు ఆగును. పాఠ్యపుస్తకములు దీనిని ఒక్క వాక్యమున దాటిపోవుచుండును. అది న్యాయము కాదని మా తలంపు. ఎలుక, పిల్లి, కోతి మొదలగు క్షీరదములలో శాస్త్రజ్ఞులు ఈ పాయ జాడ తీసిరి. అందు కొన్ని తంతువులు మధ్యమెదడు పైకప్పునగల గుబ్బల లోపొరలలో ముగియును. కంటిని, తలను కాటువైపునకు త్రిప్పునది ఆ తావే. మరికొన్ని, మధ్యమెదడు నడుమ పారు సన్నని కాలువ చుట్టునున్న బూడిదరంగు పదార్థమును చేరును.

ఆ పదార్థమునుండి తిరుగుత్రోవ యొకటి కలదు. అది క్రిందికి దిగి, నొప్పివార్త ప్రవేశించిన వెన్నుపాము వాకిలినే ఓరగా మూయగలదు. 1969లో రెనాల్డ్స్ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలలో ఈ తావున విద్యుత్తును ప్రసరింపజేసి, మత్తుమందు లేకయే పొట్టకు శస్త్రచికిత్స చేసెను. నల్లమందునుండి తీయు మార్ఫిన్ పనిచేయు చోట్లలో ఇదియొకటి. అట్టి పదార్థమును మెదడే తయారుచేసికొనునని 1975లో హ్యూస్, కోస్టర్లిట్జ్ అనువారు వెల్లడించిరి.

ఉపశమనము కలుగునను నమ్మకము సైతము ఈ తావును మేల్కొల్పునని మెదడు చిత్రములు తెలుపుచున్నవి. కావున మంత్రము వేయించుకొని ‘నొప్పి దిగినది’ అనువాడు బొంకుట లేదు. అతనికి నిజముగనే దిగియుండవచ్చును. అయితే విషము ఈ నాడీమార్గమున పోవునది కాదు. నెత్తురున కలసి శరీరమంతట వ్యాపించును. ఎర్రతేలు విషమునకు రక్తనాళములు బిగియును, గుండెపై భారము పెరుగును, ఊపిరితిత్తులలో నీరు చేరును. నొప్పి చల్లారినను ఈ పని సాగుచునే యుండవచ్చును. పెద్దలకంటె పిల్లలకు ముప్పు హెచ్చు.

మహారాష్ట్రలోని మహాడ్‌న పనిచేసిన బావస్కర్ అను వైద్యుడు ప్రజోసిన్ అను మందును ఈ స్థితిలో వాడి, ఫలితములను 1986లో ప్రకటించెను. అది బిగిసిన రక్తనాళములను వదులుచేయును. తేలువిషమునకు విరుగుడు సూదిమందు కూడ కలదు. రెండును వేళకు అందవలెను. ఒళ్లంతయు చెమటలు పోసి, వాంతులై, చేతులు కాళ్లు చల్లబడిన బిడ్డను ‘నొప్పి తగ్గినదా’ అని అడుగుచు ఇంట నుంచుకొనక, మడకశిరకో హిందూపురమునకో, ఏది దగ్గరయైన ఆ ఆసుపత్రికి వెంటనే చేర్చవలెను.