పద్దు వినిపించే సంఘం

2008 అక్టోబరు 30న దక్షిణ కొరియా రాజ్యాంగ న్యాయస్థానం, మసాజ్ చేసే లైసెన్సును చూపులేనివారికే పరిమితం చేసిన చట్టం చెల్లుతుందని తీర్పు చెప్పింది. సరిగ్గా మర్నాడు, అక్టోబరు 31న, తైవాన్ రాజ్యాంగ న్యాయమూర్తులు అలాంటి చట్టాన్నే తప్పుపట్టారు. చూపున్నవాళ్లను ఆ వృత్తిలోకి రానివ్వకపోవడం సమానత్వానికీ, పనిచేసే హక్కుకూ విరుద్ధమని, మూడేళ్లలోగా ఆ నిషేధం పోవాలని అన్నారు. రెండు చోట్లా ఈ సంప్రదాయం జపాన్ వలసపాలన కాలంలో వేళ్లూనుకున్నదే. ఒక్క రాత్రి తేడాతో రెండు దారులూ విడిపోయాయి.

కొరియాలో ఆ తీర్పు వెనక పెద్ద పోరాటమే ఉంది. 2006 మేలో ఇదే న్యాయస్థానం ఈ ఏర్పాటును కొట్టేసినప్పుడు, సియోల్‌లో హాన్ నది మీది మాపో వంతెన పైనుంచి చూపులేని మసాజ్ కార్మికులు నీళ్లలోకి దూకి నిరసన తెలిపారు. బతుకుతెరువు ఒక్కటే ఉన్నవాళ్ల దగ్గర అది కూడా లాక్కుంటే ఎలా ఉంటుందో ఆ దేశం కళ్లారా చూసింది. ఆ ఏడాది ఆగస్టుకల్లా పార్లమెంటు వైద్య సేవల చట్టాన్ని సవరించి ఆ హక్కును తిరిగి నిలబెట్టింది.

తైవాన్‌లో అలాంటి అండ దొరకలేదు. 2011 అక్టోబరు 31 నుంచి మసాజ్ ఎవరైనా చేయొచ్చు. పెట్టుబడి ఉన్నవాళ్లు రద్దీ వీధుల్లో దుకాణాలు తెరిచే వీలు కలిగింది. చూపులేనివారికి మిగిలింది వికలాంగుల హక్కుల చట్టంలోని ఒక నిబంధన. ఆస్పత్రులు, స్టేషన్లు, విమానాశ్రయాలు, పార్కులు, ప్రభుత్వ కార్యాలయాలు మసాజ్‌కు చోటు ఇస్తే చూపులేనివారికే ఇవ్వాలి, అదీ రాయితీ మీద. తైపేలో మెట్రో దిగినవాళ్లు స్టేషన్లోనే కుర్చీలో కూర్చుని పది నిమిషాలు మెడా భుజాలూ పట్టించుకుని వెళ్తారంటే ఆ నిబంధన చలవే.

రక్షణ ఉన్నన్నాళ్లూ చేతిపని బాగా వస్తే సరిపోయింది. అది పోయాక దుకాణం నడపడమూ రావాలి. ఒంటరిగా నడపడం కష్టం కనుక కొందరు కలిసి కార్మిక సహకార సంఘాలుగా ఏర్పడ్డారు. తైవాన్ చట్టం ప్రకారం సంఘం పెట్టడానికి ఏడుగురు చాలు. ఇలాంటి సంఘానికి యజమాని ఉండడు. పని చేసేవాళ్లే తలా కొంత వాటాధనం వేస్తారు. వాటా ఎంతైనా మనిషికి ఒక్కటే ఓటు.

వినడానికి ఇంత తేలిగ్గా ఉన్నా, అసలు పరీక్ష మొదటి నెలాఖరునే వస్తుంది. లెక్క కోసం పది మంది సభ్యులున్నారనుకుందాం. గంట మసాజ్‌కు 600 రూపాయలు. అందులో 360 పని చేసిన మనిషికి, 240 ఉమ్మడి ఖాతాకు. నెలకు మొత్తం 500 గంటల పని వస్తే ఉమ్మడి ఖాతాలో 1,20,000 రూపాయలు జమవుతాయి. అద్దె, కరెంటు, నూనె, తువాళ్ల ఉతుకు, కౌంటర్ దగ్గరి మనిషి జీతం, అన్నీ అందులోంచే. సభ్యులకు సగటున తలా 50 గంటలు, అంటే 18,000 రూపాయలు.

ఆ సగటు దగ్గరే గొడవ మొదలవుతుంది. పేరు పడ్డ సభ్యురాలికి 80 గంటలు వస్తే, కొత్తగా చేరిన కుర్రాడికి 20 కూడా రావు. వచ్చిన కస్టమరును వరసలో తర్వాతి వాళ్లకు అప్పగించాలన్నది మామూలు పద్ధతి. మరి ఫలానా ఆవిడే కావాలని అడిగితే? ఆ పని చేసినందుకు ఆవిడ వరసలో తన వంతు వదులుకోవాలా, అక్కర్లేదా? వదులుకోవాలంటే మంచి పేరు తెచ్చుకున్నందుకు శిక్ష వేసినట్టు ఉంటుంది. అక్కర్లేదంటే కొత్తవాళ్లు రోజంతా గోడకు ఆనుకుని కూర్చుంటారు. రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. కావాలని అడిగిన కస్టమరు ఆవిడకే వెళ్లాలి, ఖాళీగా వేచి ఉన్న గంటలకు ఉమ్మడి ఖాతా నుంచి ఎంతో కొంత కనీస మొత్తం ఇవ్వాలి. వేచి ఉండడం కూడా పనే. కస్టమరు వచ్చేసరికి మనిషి అక్కడ ఉన్నందువల్లే దుకాణం నడుస్తోంది.

మసాజ్ వృత్తిలో ముందు దెబ్బతినేది బొటనవేళ్లు, మణికట్లు. ఏళ్ల తరబడి నొక్కి నొక్కి కీళ్లు అరిగిపోతాయి. మామూలు దుకాణంలో ఆ మనిషిని పంపించేసి మరొకరిని పెట్టుకుంటారు. సంఘంలో అలా కుదరదు, కుదరకూడదు. అందుకే రోజుకు ఇన్ని గంటలకు మించి ఎవరూ పని చేయకూడదన్న హద్దు, చేతికి విశ్రాంతి ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఆదుకునే నిధి, ఈ రెండూ మొదటి రోజునే రాసుకోవాలి. తప్పుడు ఉద్దేశంతో వచ్చే కస్టమరును మధ్యలోనే ఆపి పంపించేసే అధికారం ప్రతి సభ్యురాలికీ ఉండాలి, ఆ గంట డబ్బు పోయినా ఆమెకు రావాల్సింది సంఘం ఇవ్వాలి.

ఇవన్నీ ఏ కార్మిక సహకార సంఘానికైనా ఉండే చిక్కులే. చూపులేనివారి సంఘానికి ప్రత్యేకంగా వచ్చేది కౌంటర్ దగ్గర. అక్కడ సాధారణంగా చూపున్న ఉద్యోగి ఉంటారు. ఎవరు ముందు వచ్చారో, ఎంత నోటు ఇచ్చారో, రిజిస్టరులో ఏం రాశారో ఆ ఒక్కరికే తెలుస్తుంది. చైనా రచయిత బీ ఫేయూ దీన్ని చాలా లోతుగా పట్టుకున్నాడు. నాన్‌జింగ్‌లో ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే ఉపాధ్యాయులను తయారుచేసే విద్యాసంస్థలో పాఠాలు చెప్పిన అనుభవం ఉన్న ఆయన 2008లో రాసిన నవల, ఇద్దరు చూపులేని భాగస్వాములు నడిపే మసాజ్ కేంద్రం కథ. 2011లో దానికి మావో దున్ సాహిత్య బహుమతి వచ్చింది. 2014లో లోవూ యే దాన్ని సినిమాగా తీశాడు. నవలలో ఆ కేంద్రాన్ని కుదిపేసే తగాదా డబ్బు దగ్గర రాదు, భోజనం దగ్గర వస్తుంది. వంటమనిషి తనకు కావాల్సిన వాళ్ల గిన్నెలో ఎక్కువ మాంసం ముక్కలు వేస్తోందని బయటపడుతుంది. పక్క గిన్నెలో ఎన్ని ముక్కలున్నాయో చూసుకోలేని వాళ్ల మధ్య, వాటిని లెక్కపెట్టి బయటికి చెప్పేది కూడా చూపున్న ఉద్యోగినే.

సహకార సంఘం నడపాలనుకునే వాళ్లు ఆ సన్నివేశం దగ్గర ఆగి ఆలోచించాలి. పద్దు తానుగా చదువుకోలేని సభ్యుడి ఓటు పేరుకే ఓటు. కౌంటర్ మనిషి నిజాయితీపరుడా కాదా అన్నది తర్వాతి సంగతి. ఆ నిజాయితీని తేల్చుకునే వీలు సభ్యులకు ఉందా అన్నదే ముఖ్యం. ఈ ఉద్యోగిని బయటి మనిషిగా ఉంచడం కన్నా ఓటున్న సభ్యుడిగా చేర్చుకోవడమే మేలు. కోశాధికారి పదవి మాత్రం చూపులేని సభ్యులకే దక్కాలి.

ఇప్పుడు ఆ పని ఒకప్పటంత కష్టం కాదు. కంప్యూటరు తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను 2006లో మొదలుపెట్టింది ఆస్ట్రేలియాకు చెందిన చూపులేని యువకుడు మైఖేల్ కరన్. దాంతో కోశాధికారి తానే లెక్కలు రాసుకోగలరు, సరిచూసుకోగలరు. రిజర్వు బ్యాంకు 2020లో విడుదల చేసిన మణి యాప్, ఫోన్ కెమెరా ముందు పెట్టిన నోటు ఎంతో చెబుతుంది. చెల్లింపు పడగానే మొత్తాన్ని గట్టిగా పలికే పెట్టె మన కిరాణా కొట్లలో చాలాచోట్ల ఉంది. దాన్ని కౌంటర్ వెనక కాకుండా అందరికీ వినపడే చోట పెడితే సగం అనుమానాలు పుట్టవు. వారానికోసారి జమాఖర్చులు పైకి చదవడం, ఎవరెన్ని గంటలు చేశారో అందరి ముందూ వినిపించడం మిగతా సగాన్ని తీరుస్తాయి.

ఓటింగ్‌లోనూ ఇలాంటి జాగ్రత్తే కావాలి. చేతులెత్తమంటే లెక్కపెట్టేది చూపున్న ఒక్కరే. నోటితో చెప్పమంటే రహస్యం పోతుంది. తడిమితే తేడా తెలిసే రెండు రకాల బిళ్లలు ప్రతి ఒక్కరికీ ఇచ్చి, ఒకటి డబ్బాలో వేయమంటే చాలు. లెక్క కూడా వేళ్లతోనే తేలుతుంది.

చూపులేని వృత్తికారుల సంఘాలు కొత్తవేమీ కావు. జపాన్‌లో తోదోజా అనే శ్రేణి కొన్ని శతాబ్దాలు నడిచి 1871లో రద్దయింది. మొదట వీణలాంటి బివా వాయించే గాయకులు, తర్వాత మసాజ్, సూదివైద్యం చేసేవాళ్లు అందులో ఉండేవారు. సన్నటి గొట్టంలోంచి సూదిని దించే పద్ధతికి పేరుపడ్డ సుగియామా వాయిచీ (1610–1694) అందులోని అత్యున్నత హోదాకు చేరి, చూపులేనివారికి ఈ విద్య నేర్పే బడులు నెలకొల్పాడు. ఎంతో మందికి అన్నం పెట్టిన ఆ శ్రేణిలో కూడా హోదాలను డబ్బు కట్టి కొనుక్కోవాల్సి వచ్చేది. ఆ డబ్బును పైమెట్టులో ఉన్నవాళ్లు పంచుకునేవారు. చూపులేనివాళ్లే నడిపినంత మాత్రాన పంపకం న్యాయంగా ఉంటుందని అనుకోలేం.

మన దేశంలో ఈ వృత్తిని చూపులేనివారికే కేటాయించిన చట్టం లేదు. ఢిల్లీలోని బ్లైండ్ రిలీఫ్ అసోసియేషన్ లాంటి సంస్థలు మసాజ్‌లో శిక్షణ ఇస్తున్నాయి. నేర్చుకున్నాక ఎక్కువమంది ఎదురుచూసేది ఎవరైనా ఉద్యోగం ఇస్తారనే. తెలుగు రాష్ట్రాల్లో మరో దారికి చట్టం 1995 నుంచే ఉంది. ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద, పది మంది కలిస్తే ప్రభుత్వ వాటా, పెత్తనం లేకుండా సంఘాన్ని రిజిస్టరు చేసుకోవచ్చు. చూపులేని కోశాధికారికి చెక్కుబుక్కు ఇవ్వబోమని బ్యాంకు అనడానికీ వీల్లేదు. చెక్కుబుక్కు, ఏటీఎం, లాకరు సహా ఏ సౌకర్యాన్నీ నిరాకరించవద్దని రిజర్వు బ్యాంకు 2008 జూన్‌లోనే బ్యాంకులకు చెప్పింది.

అన్నింటికన్నా భారం అద్దె. తైవాన్‌కు మెట్రో స్టేషన్లు అక్కరకొచ్చాయి. హైదరాబాద్ మెట్రోలోనో, విజయవాడ పండిట్ నెహ్రూ బస్టాండులోనో నాలుగు కుర్చీలు పట్టే చోటు దొరికితే రోజూ వేల మంది దాని ముందు నుంచే నడుస్తారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 37వ సెక్షన్, వ్యాపారాలూ వృత్తులూ పెట్టుకోవడానికి రాయితీ మీద ఇచ్చే భూమిలో 5 శాతం వికలాంగులకు కేటాయించాలంటుంది. స్టేషన్లోని గది దాని కిందికి నేరుగా రాకపోవచ్చు. తైవాన్ చట్టంలో ఉన్నట్టు ప్రజలు తిరిగే చోట్ల గదుల గురించి కూడా ఒక మాట చేర్చమని రాష్ట్ర ప్రభుత్వాలను అడగాలి. ఆ అడిగేది పది సంతకాలున్న రిజిస్టరైన సంఘమైతే, అర్జీతో పాటు ఏడాది జమాఖర్చులూ జతచేయొచ్చు.