అరచేతిలో అంగడి

పిల్లలూ! మీలో కొందరి ఇండ్లలో బొమ్మ రైలు ఉండే ఉంటుంది. గుండ్రంగా పరచిన పట్టాల మీద అది గిరగిరా తిరుగుతుంటే మొదట ఎంతో సరదాగా ఉంటుంది. కాసేపటికి విసుగు పుడుతుంది. ఎందుకో ఆలోచించారా? ఆ రైలు ఏ ఊరినుండీ రాదు, ఏ ఊరికీ పోదు. దానికి చేయటానికి పని లేదు.

పట్టాల ప్రక్కన ఒక స్టేషను పెట్టండి. స్టేషను ఎదుట ఒక వీధి, ఆ వీధిలో ఒక కిరాణా కొట్టు పెట్టండి. ఇప్పుడు రైలుకు పని దొరికింది. కొట్టుకు సరుకు తేవాలి కదా!

బ్రిటన్‌లో ఒకప్పుడు నిజంగా ఇట్లాగే జరిగేది. చిన్న ఊళ్ళ కొట్లకు కావలసిన చక్కెర, బిస్కట్లు, సబ్బులు, ఇండ్లలో పొయ్యిలకు కావలసిన బొగ్గు గూడ్సు బండిలో స్టేషనుకు వచ్చేవి. 1963లో రైల్వేలను గూర్చి బీచింగ్ నివేదిక వెలువడింది. ఆ తరువాత చిన్న స్టేషన్లు ఎన్నో మూతపడ్డాయి. రైలు పోయినా చాలా ఊళ్ళలో 'స్టేషన్ రోడ్డు' అనే పేరు మిగిలింది. కొన్నిచోట్ల ఆ రోడ్డు మీది పాత కొట్లు కూడా మిగిలాయి. అటువంటి కొట్టు నొకదానిని అట్టముక్కలతో ఎట్లా కట్టవచ్చో ఈ పాఠంలో తెలుసుకొందాం.

అన్నిటికీ ఒకే కొలత

దసరాకో, సంక్రాంతికో మీ ఇంట్లో బొమ్మలకొలువు పెడతారా? కొలువులో ఏనుగు, చిలుక ఒకే ఎత్తున ఉన్నా ఎవరూ తప్పుపట్టరు. కొలువుకు అదే అందం. రైలు నమూనాలో మాత్రం అట్లా కుదరదు. ఇంజను, ఇల్లు, మనిషి, కుక్కపిల్ల, అన్నీ ఒకే లెక్కన చిన్నవి కావాలి.

బ్రిటన్‌లో ఎక్కువమంది వాడే లెక్కను 'డబుల్ ఓ' అంటారు. ఇది చాలా సులువైన లెక్క. నిజమైన వస్తువులో ఒక అడుగు ఉంటే నమూనాలో 4 మిల్లీమీటర్లు. అంటే నిజమైన దానికంటే సుమారు 76 రెట్లు చిన్నది. అమెరికాలో ఎక్కువగా వాడేది 'హెచ్ ఓ'. అది 87 రెట్లు చిన్నది. కాబట్టి అమెరికాలోని మీ పెద్దమ్మగారి అబ్బాయి ఒక నమూనా ఇల్లు పంపితే, అది మీ వీధిలో కొంచెం పొట్టిగా కనబడుతుంది!

ఈ లెక్క చూడండి:

ఆరడుగుల మనిషి: 24 మి.మీ.
ఆరున్నర అడుగుల తలుపు: 26 మి.మీ.
పదహారు అడుగుల వెడల్పు కొట్టు: 64 మి.మీ.
ఇరవై అడుగుల ఎత్తున ఉన్న చూరు: 80 మి.మీ.

రెండంతస్తుల కొట్టు మీ అరచేతిలో ఇమిడిపోతుందన్నమాట.

నేను మొదటిసారి కట్టిన కొట్టుకు కొలవకుండా, కంటి అంచనాతోనే తలుపు కోశాను. అది 40 మి.మీ. వచ్చింది. కొట్టు యజమాని బొమ్మను గుమ్మంలో నిలబెట్టాను. పాపం, పదడుగుల తలుపు ముందు ఆయన చిన్న పిల్లవాడివలె కనిపించాడు! ఆనాటినుండి స్కేలు లేకుండా కత్తి పట్టలేదు.

ముందు చూపు, తరువాత కత్తి

మీ వీధిలో ఒక పాత ఇటుక కొట్టును ఎన్నుకోండి. అమ్మనో నాన్ననో వెంట తీసుకొని వెళ్ళండి. కొట్టు యజమానికి నమస్కరించి, "అంకుల్, మీ కొట్టు నమూనా చేయాలనుకుంటున్నాను. కొలుచుకోవచ్చాండీ?" అని అడగండి. సాధారణంగా ఎవరూ కాదనరు. సంతోషిస్తారు కూడా.

వెడల్పును టేపుతో కొలవవచ్చు. మరి ఎత్తు? నిచ్చెన ఎక్కనక్కరలేదు. ఇటుకల వరుసలు లెక్కపెట్టండి. బ్రిటన్ గోడలలో సాధారణంగా ఒక ఇటుక వరుస, దాని క్రింది సున్నపు పొరతో కలిపి, మూడంగుళాలు ఉంటుంది. నాలుగు వరుసలు కలిస్తే ఒక అడుగు. మన లెక్కలో ఒక అడుగు 4 మి.మీ. కనుక ఒక్కొక్క వరుస సరిగా 1 మి.మీ. అవుతుంది. చూరు దాకా 80 వరుసలు ఉంటే మీ గోడ ఎత్తు 80 మి.మీ.! కొన్ని ఊళ్ళలో ఇటుకలు కాస్త మందంగా ఉంటాయి. అందుచేత ముందుగా నాలుగు వరుసలను టేపుతో కొలిచి సరిచూసుకోండి.

ముందు గోడ, ప్రక్క గోడలు, కిటికీలు, పొగగొట్టం బొమ్మ గీచి, ప్రక్కన కొలతలు వ్రాసుకోండి. ఫోటోలు కూడా తీసుకోండి.

గోడలు, కిటికీలు

గోడలకు ఒకటిన్నర మి.మీ. మందం గల అట్ట మంచిది. తలుపులకు, కిటికీ చట్రాలకు కార్న్‌ఫ్లేక్స్ పెట్టె అట్ట చాలు. పెన్సిలుతో గీసి, ఇనుప స్కేలు ఆనించి కోయాలి. కత్తి పని పెద్దల ఎదుటనే చేయండి. ఒక్క దెబ్బకు తెగాలని బలంగా నొక్కవద్దు. నాలుగైదుసార్లు తేలికగా గీయండి. నిదానమే ప్రధానం.

గోడలు నిలబెట్టక ముందే కిటికీ రంధ్రాలు కోయాలి. గాజుకు బదులు, చొక్కాల పెట్టె మీద వచ్చే పలుచని ప్లాస్టిక్ రేకును గోడకు లోపలివైపున అంటించండి. కోసిన అట్ట అంచులు తెల్లగా కనిపిస్తాయి. వాటికి ఇటుక రంగు పూయకపోతే, ఇది అట్ట అని దూరంనుండే తెలిసిపోతుంది. లోపల చిన్న దీపం పెట్టదలచుకుంటే గోడల లోపలివైపు నల్లరంగు పూయండి. లేకుంటే వెలుగు అట్టలోనుంచి బయటికి కనబడుతుంది.

పలకల కప్పు

పాత కొట్ల కప్పులు చాలావరకు పలకరాతివి. వేల్స్ గనులలో తీసిన రాయి బ్రిటన్‌లో ఎన్నో ఇండ్లను కప్పింది. మన మార్కాపురం పలకలకు ప్రసిద్ధి. మీ తాతగారు చిన్నప్పుడు అక్షరాలు దిద్దిన రాతిపలక అక్కడిదే కావచ్చు. అక్కడ చేతిలో పట్టుకొన్నది ఇక్కడ నెత్తిమీదికి ఎక్కింది!

బూడిద రంగు కాగితాన్ని పొడుగు పట్టీలుగా కత్తిరించండి. ప్రతి పట్టీకి క్రింది అంచునుండి మూడేసి మి.మీ. దూరంలో చిన్న గాట్లు పెట్టండి. ఒక్కొక్క గాటు మధ్యది ఒక పలక. ఇక చూరునుండి మొదలుపెట్టి పైకి అంటించుకుంటూ పోవాలి. పైనుండి క్రిందికి ఎందుకు అంటించకూడదు? పై పలక క్రింది పలకమీద కప్పితేనే వాన నీరు జారిపోతుంది. క్రింది వరుసలోని గాటు మీదికి పై వరుసలోని పలక మధ్యభాగం రావాలి. లేకుంటే గాట్లగుండా నీరు ఇంట్లోకి దిగుతుంది. మీ నమూనా మీద వాన కురవదు. అయినా కురిస్తే తడవని కప్పే చూడటానికి నిజమనిపిస్తుంది.

కొట్టు ప్రాణం సరుకులో ఉంది

లోపల ఒక అరల వరుస కట్టి, ప్రకటన కాగితాలలోని చిన్న చిన్న డబ్బాల బొమ్మలు కత్తిరించి అంటించండి. గుమ్మం ప్రక్కన ఒక బియ్యపు బస్తా, కూరగాయల పెట్టె పెట్టండి. పై పలకమీద కొట్టు పేరు వ్రాయండి. కిటికీలో 'ఉగాది శుభాకాంక్షలు' అని తెలుగులో వ్రాసి పెట్టవచ్చు. కాని వత్తులకు క్రింద చోటు వదలటం మరచిపోకండి!

చివరి పని మురికి చేయటం. అవును, నిజమే! పొగగొట్టం కొనకు కొంచెం మసి, కిటికీల క్రింద వాన చారలు, గడప దగ్గర అరిగిన రంగు ఉండాలి. కొట్టును బల్లమీద పెట్టినప్పుడు గోడ క్రింద సందు ఉండకూడదు. సందు ఉంటే కొట్టు గాలిలో తేలినట్లుంటుంది. కాలిబాట అట్టను గోడకు ఆనించి అంటించండి.

ఇంత శ్రమ ఎందుకు?

ఆస్ట్రేలియానుండి 1925లో ఇంగ్లండుకు వచ్చిన రోయ్ ఇంగ్లండ్ అనే ఆయన పల్లెలలోని పాత ఇండ్లు మారిపోతూ ఉండటం చూచారు. వాటిని ఆపటం ఆయన చేతిలో లేదు. అందుకని ఇండ్లను కొలిచి, అట్టతో వాటి నమూనాలు చేయసాగారు. 1954లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని లాంగ్ విటెన్‌హామ్‌లో ఆయన స్థాపించిన పెండన్ మ్యూజియంలో 1930 ప్రాంతపు పల్లెను, దాని రైలును ఈనాడు కూడా చూడవచ్చు. అక్కడి కొలత కూడా అడుగుకు 4 మి.మీ. లే.

మా వీధి మలుపులో ఒక పాత కొట్టు ఉండేది. ఒక శనివారం దాని ముందు భాగం కొలిచి, బొమ్మ గీచుకొన్నాను. ప్రక్క గోడ తరువాత చూద్దాంలే అనుకొన్నాను. మూడు వారాల తరువాత వెళ్ళేసరికి కొట్టు మూసివేశారు. పాత చెక్క ముఖద్వారం తీసివేసి, ప్రక్క గోడకు కొత్తగా సున్నం పూశారు. అక్కడ ఎన్ని కిటికీలు ఉండేవో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పదేళ్ళు రోజూ ఆ గోడ ప్రక్కనుండే నడిచాను! నా నమూనాలో ఆ గోడ ఈనాటికీ ఖాళీగానే ఉంది.

కాబట్టి పిల్లలూ, మీ వీధిలో మీకు ఇష్టమైన కొట్టు ఉంటే ఈ శనివారమే వెళ్ళండి. ప్రక్క గోడ కూడా చూచి రండి.

కొత్త మాటలు

నమూనా = నిజమైన వస్తువును పోలిన చిన్న రూపం
చూరు = గోడ దాటి బయటికి వచ్చిన కప్పు అంచు
చట్రం = కిటికీకి, తలుపుకు చుట్టూ ఉండే కట్టు
మసి = పొగవలన పట్టే నల్లని పొడి

ప్రశ్నలు

1. బొమ్మలకొలువుకు, రైలు నమూనాకు కొలతలో ఉన్న భేదమేమి?
2. ఒక గోడకు 56 ఇటుక వరుసలు ఉన్నాయి. నిజమైన ఎత్తు ఎన్ని అడుగులు? నమూనాలో ఎన్ని మిల్లీమీటర్లు?
3. కప్పు పలకలను చూరునుండి పైకి ఎందుకు అంటించాలి?
4. మీ వీధిలోని ఒక కొట్టును చూడకుండా, గుర్తున్నంతవరకు బొమ్మ గీయండి. తరువాత వెళ్ళి సరిచూచుకొని, మీరు మరచిన వాటిని తెలుగులో ఐదు వాక్యాలలో వ్రాయండి.